వంకర టీవీ

ప్రొద్దుటూరు
2-7-2025

పల్లవికి అత్త రాస్తాండేది.

ఈడ అందరం క్షేమం అని మొదలుపెట్టే అలవాటు నాకు పోయిన శ్రావణంతోనే పోయింది. ఉండాము, అంతే. మీ మామ పొద్దున అంగడి తెరుస్తాండాడు, సాయంత్రం మూస్తాండాడు. మీ అమ్మ అమ్ముకునేదానికి అడిగిన చీరలు ఈ మూటలో పెట్టినా. వంకాయ రంగుది అయిపోయింది, వచ్చే మూటలో వేస్తానని చెప్పు.

బస్సులో వేసే బట్టల మూటలో ఉత్తరమేంది, ఫోన్ చేయొచ్చు కదా అక్కా అని మీ నాయన అంటాండాడంట. ఆ పొద్దు ఆ మాట నేను ఫోన్‌లోనే విన్నా. మల్ల దాన్ని చెవికి పెట్టుకోలేను. నా చేతిరాత చదివే ఓపిక లేకుంటే మా తమ్ముణ్ణి మానుకోమను. నేను రాసేది నీకు.

సంగతి ఏందంటే, శరత్ సంవత్సరీకం దగ్గరికొస్తాంది. యజ్ఞనారాయణ అయ్యోరు వచ్చి కూచొని గొడుగు, చెప్పులు, మంచం, పరుపు అని దానాలన్నీ చదివినాడు. చదివి, "పెండ్లి కాని పిల్లోడు కదమ్మా, వాడు ఆశపడి దక్కనిది ఏమన్నా ఉంటే అది గూడా ఇస్తే వానికి తృప్తి" అనె. మీ మామ నా మొగం చూసినాడు, నేను ఆయన మొగం చూసినా. ఆశపడి దక్కనిది ఏందో ఇద్దరికీ తెలుసు. ఆ వంకర టీవీ.

రెండేండ్లు నా చెవిలో అదే పాట. వంపు ఉండే మానిటర్ మా, ఆట ఆడతాంటే మనం లోపలే ఉన్నట్ల ఉంటాది మా అని. నేనేమంటి? వంకరపోయిన సరుకొస్తే మీ నాయన లారీవానికి తిప్పి పంపుతాడు, నువ్వు దుడ్లిచ్చి వంకరది తెచ్చుకుంటావా అంటి. లోపల ఉన్నట్ల ఉండాలంటే పోయి బీరువాలో కూచో అంటి. వాడు నవ్వుతాడు. నవ్వి మల్ల ఆ పాత డబ్బా ముందరే కూచుంటాడు.

ఇప్పుడు కొంటాను. కొని అయ్యోరికిస్తాను. మహానుభావుడు, మాట చెవిన పడిందో లేదో "మా మనమడు బెంగుళూరులో కంప్యూటర్లే చదువుతాండాడు, వైరు గూడా దాంతోనే వస్తాదా" అని అడిగె. నా కొడుకు తృప్తి కంటే ముందర ఆయనకు వైరు కావల్సొచ్చె.

ఏది కొనాలో నాకు తెల్దు. వాడు ఏది కోరుకున్నాడో అచ్చం అదే ఉండాల. ఇంకోటి ఇస్తే అది దానం కాదు, చేతులు దులుపుకున్నట్ల. మీ ఇద్దరూ నువ్వాడ, వాడీడ కూచొని అదే ఆట ఆడేవాళ్ళు కదా. వాని మనసులో ఉండింది ఏ రకం, ఎంత పొడవు, ఎంత వంకర, రాసి పంపు. పంచె రంగు చెప్పినట్ల స్పష్టంగా రాయి, నేను చదివింది ఏడో తరగతి.

అత్త అలివేలుమంగ


పులివెందుల
7-7-2025

అత్తా,

మూట అందింది. అమ్మ చీరలు చూసుకుంటాంటే నేను ఉత్తరం తీసుకొని మిద్దెక్కినా. నాయన బాగుండాడు. తుమ్మలపల్లె గని ఆఫీసు బస్సు ఎప్పుడూ తప్పిపోలేదు గానీ, తప్పిపోతాదని రోజూ పొద్దున మమ్మల్ని తిట్టిపోతాండాడు.

నువ్వడిగినావని చెప్తాండా. బావ చూసుకుంటా ఉండింది ఇరవై ఏడు ఇంచులది. దాని వంపుకు ఒక నంబరు ఉంటాది, పదిహేను వందలు. ఆ వంపును అట్లే సాగదీసుకుంటా పోతే చుట్టూ బావి గోడ మాదిరి అయితాది. బావి నడుమ నుంచి గోడకు మీటరున్నర. నంబరు తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. నడుమన కూచున్నోనికి రెండు అంచులూ కండ్ల ముందరికే వచ్చినట్లుంటాది. దాని గొప్పంతా అదే. బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతాది అనేది ఇంకోటి, నూటా అరవై అయిదు సార్లు. అన్నిసార్లు ఎందుకని నువ్వడుగుతావు. శత్రువు నీకంటే ముందర నిన్ను చూడకుండా ఉండేదానికి.

బావ దాన్ని ఎంచుకుంటాంటే నువ్వు వినింటే బాగుండు. పెండ్లిచూపులకు పోయినోళ్ళు గూడా అన్ని వంకలు పెట్టరు. సోమవారం ఒకటి బేషుగా ఉందంటాడు. బుధవారానికి దాని నలుపు నలుపు కాదు, బూడిద అంటాడు. ఇంకోదానికి కాళ్ళు బాగలేవంటాడు. మానిటర్ కాళ్ళు చూసి ఏం చేస్తావు బావా, దాంతో నడిపించుకుంటా పోతావా అంటే అలుగుతాడు.

అయితే అత్తా, కొనద్దు. అయ్యోరికి గొడుగియ్యి, చాలు. మన పక్క వానల్లేకున్నా ఎండకు పనికొస్తాది. ఆయన మనమడు నాలుగు రకాల ఫోన్లు మారుస్తాడంట, మానిటర్ గూడా వాడే కొనుక్కోగలడు. అందరిండ్లల్లో చావులు చూసి సామాన్లు చేర్చుకునే ఇల్లు అది, మన వస్తువు లేకుంటే బోసిపోదు.

ఎందుకు కొనద్దంటాండానో అడగద్దు. కొనద్దు, అంతే.

నేనిప్పుడు ఆటలు ఆడడంల్యా.

కోడలు పల్లవి


ప్రొద్దుటూరు
15-7-2025

పల్లవికి,

"కొనద్దు, అంతే" అని రాసినావే, ఎవరికి చెప్తాండావు? నీకు కావాలంటే నోరు తెరిచి అడగాల్సింది. వాడు పోయినాక వాని వస్తువుల మీద కన్నేసినోళ్ళను శానా మందిని చూసినా. బండి బాగు చేయించి మాకిస్తారా అన్నోళ్ళు ఉండారు. పదకొండో దినం వడ తింటా, షూస్ ఏ సైజు అన్నోడున్నాడు. వాళ్ళంతా బయటోళ్ళు. నువ్వు నా తమ్ముని కూతురువి. అది అయ్యోరి మనమనికి పోతాదని నీకు కడుపుమంట. కోడలా అని ఇంగ పిలవద్దనుకుంటి గానీ, అది వరసతో వచ్చిన పిలుపు, వాడు పోయినా పోయేది కాదు.

నీ సాయం లేకుండానే పోతి. శరత్ పుస్తకంలో జమ్మలమడుగు అంగడి పేరు రాసుకున్న చీటీ ఒకటి దొరికింది, షఫీ కంప్యూటర్స్ అని. మీ మామకు చెప్పకుండా బస్సెక్కితి. ఏడాదైంది ఆ దోవన పోయి. ఆ మలుపు కాడ కండ్లు మూసుకుంటి. అప్పుడే కండక్టరు వచ్చి టికెట్టు అడగాల.

అంగడి నిండా తెరలే. అన్నిట్లోనూ ఒకటే చేప ఈదుతాంది. షఫీ అనే ఆయన నలభై ఏండ్ల మనిషి, మంచోడే. వంకరది చూపించమంటి. ఎండకు పెట్టిన అప్పడం మాదిరి రెండు పక్కలా లేచి ఉండాది. ఇదేనా నా కొడుకు రెండేండ్లు కలవరించింది అనుకుంటి. సంచిలోంచి మన అంగడి టేపు తీసి, ఈ అంచు నుంచి ఆ అంచుకు వంపు వెంబడే ఆనించుకుంటా కొలిస్తి. ఇరవై మూడున్నర.

"ఏమయ్యా, ఇరవై ఏడంటివి. మూడున్నర ఇంచులు యాడ పోయినాయి?" అంటి.

"మూల నుంచి మూలకు కొలవాలమ్మా."

"మూలకు కొలిచి అమ్మేది నేను యాడా చూల్యా. మేము పంచెను మూలకు కొలిచి అమ్మితే ప్రొద్దుటూరులో తరిమి కొడతారు."

"లోకమంతా ఇట్లనే కొలుస్తారమ్మా."

"లోకమంతా కోత వేస్తే నువ్వూ వేస్తావా?"

ఆడ నిలబడిన వాళ్ళంతా నవ్విరి. షఫీ గూడా నవ్వె. నవ్వి, టేపు మీద ఉండే అంగడి పేరు చూసి ఆగిపోయె. ప్రొద్దుటూరు బట్టలంగడా అమ్మా, శరత్ వాళ్ళ అమ్మనా మీరు అని అడిగె. ఒక కుర్చీ లాగి, కూచోమ్మా అనె. "ఈ కుర్చీనేమ్మా. ఆ పొద్దు పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఈడే కూచున్నాడు, ఈ మానిటర్ ముందరే. ఎవరికో ఫోన్ చేసి నవ్వుతా మాట్లాడె. మీ ఇంటికొచ్చి చెప్దామనుకుంటి, మొగం చెల్లల్యా" అనె.

ఏ పొద్దు అంటి.

అదే పొద్దు అమ్మా అనె.

నేను కొనల్యా. బయటికొచ్చి బస్టాండులో కూచుంటి. మూడు బస్సులు పోయినాయి.

పల్లవీ, నేను ఎవరికీ చెప్పని మాట నీకు చెప్తాండా. ఆ పొద్దు వాణ్ణి ఇంట్లోంచి తరిమింది నేను. దేశమంతా వచ్చి గండికోట చూసిపోతాంది, నువ్వు ఇంత పక్కన ఉండి ఆ డబ్బా ముందర కోడి పొదిగినట్ల కూచున్నావు, మనిషి పుట్టుక పుట్టినోడివైతే లేచి పో అంటి. ఆ మాటే అంటి. వాడు సరే మా అని బండి తీసినాడు. వాడు గండికోట చూసి తిరిగొస్తాంటే లారీ తగిలిందని నేను అనుకుంటాండా. ఏడాదిగా రోజూ నా నోటిని నేను తిట్టుకుంటాండా. వాడు గండికోటకు పోనే లేదంట.

ఫోన్‌లో నవ్వింది నీతోనే కదా? నీకు తెలుసు కదా? తెలిసి ఏడాది పాటు నా ఎదురుగా కూచొని కాఫీ తాగి పోయినావు కదా?

జవాబు రాయి. మీ అమ్మకు వంకాయ రంగు చీర పెట్టినా.


పులివెందుల
19-7-2025

అత్తా,

అవును. తెలుసు. ఫోన్‌లో ఉండింది నేనే.

నువ్వు తరమల్యా. నేను పంపినా. ఇది రాసేదానికి నాలుగు కాగితాలు చింపినా. నువ్వు నన్ను దొంగ కన్నేసిందన్నావు, ఆ మాట చదివి నాకు ఏడుపు రాల్యా. ఇంతేనా తిట్టింది అనిపించింది. అసలు సంగతి తెలిస్తే ఎంత తిడతావో అని ఏడాదిగా అనుకుంటాంటే, నువ్వు తిట్టింది మానిటర్ కోసం.

పోయినేడు నాయన నాకు వంపుది కొనిస్తానన్నాడు. ముందర కూచొని చూడకుండా నేను కొననంటి. పులివెందులలో ఆ రకం లేదు. జమ్మలమడుగులో ఉందని తెలిసి, బావా, నువ్వు పోయి చూసి చెప్పు, చెప్పకుంటే నీతో ఆడను అంటి. వారం దినాలు పోరినా. ఆ పొద్దు వాడే ఫోన్ చేసి, మా అమ్మ నన్ను గండికోటకు తరుముతాంది, ఆ దోవలోనే కదా నీ అంగడి, పోతాండాలే అన్నాడు. మీ ఇంట్లో అందరూ గండికోట అంటాంటే నేను నోరు మూసుకున్నా. పోయినోడు అబద్ధం చెప్పి పోయినాడని నువ్వు బాధపడతావని నాకు నేను చెప్పుకున్నా. అది గూడా అబద్ధమే. భయపడినా. ఆ గండికోట మాట అన్నందుకు నిన్ను నువ్వు తిట్టుకుంటాండావని నాకు తెల్దు అత్తా. తెలిసింటే మొదటి దినమే చెప్పేదాన్ని.

ఇంగ కొనద్దని ఎందుకన్నానో చెప్తా. బావ ఆ కుర్చీలోంచే ఫోన్ చేసినాడు. ఒక్కో మాట గుర్తుంది నాకు.

"కూచున్నా మే. బలే ఉండాది. అంచులే కనపడడంల్యా."

"అయితే అదే కొంటా."

"నువ్వు కొనుక్కో. నేను కొనను."

"రెండేండ్లు మా ప్రాణం తీసి ఇప్పుడు కొనవా? ఏం, కాళ్ళు బాగలేవా?"

"కాళ్ళు బాగుండాయి. పక్క కుర్చీలో గూడా కూచొని చూసినా. ఆడ్నుంచి చూస్తే ఒక పక్క కుదించుకపోయింది, రంగు తేలిపోయింది. నడుమ కూచున్నోనికే ఇది. మా అమ్మ నా పక్కన మంచం మీద కూచొని చెనిక్కాయలు ఒలుచుకుంటా తిడతాంటాది కదా. ఆమెకేం కనపడుతాది?"

"తిట్టేదానికి కనపడాలనా?"

"చూడకుండా తిడితే ఏం బాగుంటాది. సాపుగా ఉండేది కొనమంటాలే. వంకరది కాదంటే ఒప్పుకుంటాది గూడా."

అని నవ్వినాడు. ఆకలైతాంది, ఇంటికి పోయి తింటా అన్నాడు. గండికోటకు పోవా అంటే, అది ఏడికి పోతాది అన్నాడు. అంతే అత్తా.

వంపుది ఇస్తే అది వాడు వద్దనుకున్నది ఇచ్చినట్లయితాది. అందుకని కొనద్దన్నా. నన్ను ఏమన్నా అను. రాసి అను.

పల్లవి


పులివెందుల
4-8-2025

అత్తా,

మూడు మూటలు వచ్చినాయి. మూటలో చీరలుండాయి. ప్రతి చీరా మడత విప్పి చూసినా, మల్ల మడత పెట్టలేక అమ్మ చేత తిట్లు తిన్నా. ఉత్తరం లేదు.

నాయన ఈ ఆదివారం ప్రొద్దుటూరు పోదాం రమ్మన్నాడు. తలనొప్పి అని చెప్పినా.

తిట్టనన్నా తిట్టు.

పల్లవి


ప్రొద్దుటూరు
17-8-2025

కోడలు పల్లవికి అత్త రాస్తాండేది.

మొన్న గురువారం సంవత్సరీకం అయిపోయింది. మీ నాయన వచ్చినాడు, నువ్వు రాల్యా. పరీక్షలంట. శ్రావణంలో ఏం పరీక్షలు పెడతారో మీ కాలేజీలో.

అయ్యోరికి గొడుగు, చెప్పులు, మంచం, పరుపు ఇచ్చినాము. అన్నీ తీసుకొని మంచం ఎనక తొంగి చూసినాడు. ఇంకేమన్నా ఉండాదా అమ్మా అనె. ఉండాది, ఇంట్లో ఉండాది అంటి. వెయ్యేండ్లు బతుకమ్మా అనె. నన్ను ఎందుకు వెయ్యేండ్లు బతకమనేది, ఆయన కడుపు కాలా. గొడుగు తెరిచి చూసుకొని, బట్ట పల్చన అని గూడా అనె. ఆ బట్ట మన అంగడిది గాదని మీ మామ సర్దిచెప్పె.

ఇన్నాళ్ళు ఎందుకు రాయలేదంటే, రాయాలంటే ముందర ఏడవాల. నాకు ఏడుపు శానా రోజులకొకసారి వస్తాది, రాయి ఎత్తినట్ల. వచ్చింది, పోయింది. ఇప్పుడు రాస్తాండా.

నువ్వు పంపినావంట. ఏం మాట్లాడతాండావే నువ్వు? గ్లాసు నీళ్ళు తెమ్మంటే లేచినోడు కాదు వాడు. అన్నం చల్లారిపోతాంది రా అంటే ఈ ఆట అయిపోని మా అనేవాడు. ఇరవై ఏండ్లు కని పెంచినదాని మాటకే లేవనోడు, పులివెందుల నుంచి నువ్వు ఫోన్‌లో పోరితే లేచినాడా? నీకంత సీను లేదు. నాకూ లేదు. నేను తరిమినా అని నేను, నువ్వు పంపినా అని నువ్వు, వాణ్ణి గొర్రెపిల్లను చేసి చెరో పక్క తోలుకుంటాండాము. వాడు వాని ఇష్టానికి పోయినాడు. వాని ఇష్టానికి రెండు గంటలు కూచొని, నవ్వి, ఆకలేసి ఇంటికి బయలుదేరినాడు. లారీవాడు ఎట్ల తోలినాడో వాణ్ణి అడగాల. నువ్వు అన్నం మాని చిక్కిపోయినావని మీ నాయన చెప్పినాడు. చిక్కిపోతే ఎవరు చూస్తారు, పిచ్చిదానా.

ఇంకో సంగతి. వాడు నీతో చెప్పినాడు కదా, నేను చూస్తానని. నేనెప్పుడూ ఒప్పుకోల్యా. ఆ దరిద్రం నాకెందుకురా, కూచునేదానికి ఇంట్లో ఈ మంచమొకటే ఉండాది కాబట్టి కూచుంటాండా అనేదాన్ని. ఒక దినం చెనిక్కాయలు ఒలుచుకుంటా ఉండి, నాకు తెలీకుండానే, ఒరేయ్ ఆ ఎర్రచొక్కావోడు నీళ్ళ ట్యాంకి ఎనక దాక్కున్నాడు చూసుకో అంటి. వాడు టకీమని తిరిగి వాణ్ణి కాల్చె. కాల్చి, కుర్చీలోంచి కింద పడి దొర్లి దొర్లి నవ్వె. అమ్మా నువ్వు ఆడతాండావు మా అనె. చెనిక్కాయ పొట్టు వాని నెత్తిన పోసి లేచిపోతి. ఆ పొద్దు నుంచి మంచం ఇంకాస్త ముందరికి జరిపింది వాడా, నేనా, ఎవరం అడగల్యా.

వాడు ఆశపడి దక్కనిది దానమియ్యాలన్నాడు కదా అయ్యోరు. వాడు ఆశపడింది ఏంది? పక్కన కూచున్న నాకు కనపడాలని. అది అయ్యోరి మనమనికిచ్చి బెంగుళూరు పంపితే నాకెట్ల కనపడుతాది?

అందుకని సంవత్సరీకానికి ముందర శనివారమే మల్ల జమ్మలమడుగు పోతి. మీ మామ గూడా వచ్చె. సాపుది తీసుకుంటిమి. ఈసారి షఫీనే టేపు ఇచ్చి, మూల నుంచి మూలకు నువ్వే పట్టు అమ్మా అనె. పట్టినా. అచ్చం ఇరవై ఏడు. అయినా అది కొలత గాదు, నేను ఒప్పుకోను. వాని కుర్చీలో కూచొని ముందర చూస్తి, పక్క కుర్చీలో కూచొని పక్కన చూస్తి. చేప రెండు తావులా చేప మాదిరే ఉండాది. వచ్చేటప్పుడు ఆ మలుపు కాడ కండ్లు మూసుకోల్యా. తాటిచెట్టు ఒకటి ఉండాది ఆడ. అంతకుముందు చూసినట్ల గుర్తు లేదు.

ఇప్పుడు అది వాని బల్ల మీద ఉండాది. దాన్ని ఎలిగించేది ఎట్లనో ఇంట్లో ఎవరికీ తెల్దు. మీ మామ దానికి గంధం బొట్టు పెట్టి, వారం దినాలుగా దాని ముందర కూచొని లేచి పోతాండాడు. నల్లగా ఉండాది, ఆయన మొగం తప్ప ఏం కనపడడంల్యా. వైరు మాత్రం దాంతోనే వచ్చింది, అయ్యోరికి చెప్పల్యా.

వచ్చే ఆదివారం రా. తలనొప్పి అని రాయద్దు, మాత్ర ఈడ గూడా దొరుకుతాది. చెనిక్కాయలు రెండు శేర్లు తెప్పించి పెట్టినా. వాని కుర్చీలో నువ్వు కూచొని ఆడు. నేను మంచం మీద కూచుంటా. ఒక్క మంచి మాట నా నోట్లోంచి రాదు, ఆడపిల్లవి ఈ పాడు ఆటలేందని తిడతానే ఉంటా. నువ్వు ఆపద్దు.

ఎర్రచొక్కావోడు వస్తే చెప్తా.

మీ అత్త